డెంగీకి గోల్డ్ నానో స్ట్రిప్: నెల్లూరు ఉక్కలో, ప్రకాశం బోరు నీళ్ళ మధ్య తయారుచేసే పద్ధతి

జ్వరం మొదలైన తొలి అయిదారు రోజుల్లో డెంగీ రోగి రక్తంలో ఎన్‌ఎస్‌1 అనే వైరస్ ప్రొటీన్ తిరుగుతూ ఉంటుంది. దాన్ని పట్టి ఇరవై నిమిషాల్లో ఎర్ర గీతగా చూపించడానికి మూడు వస్తువులు చాలు: 40 నానోమీటర్ల బంగారు కణం, దానికి అంటించిన ఒక యాంటీబాడీ (ఎన్‌ఎస్‌1ని పట్టుకునే ప్రొటీన్), నైట్రోసెల్యులోజ్ మెంబ్రేన్ (నీళ్ళు పాకే కాగితంలాంటి పొర) మీద గీసిన ఇంకో యాంటీబాడీ. సిద్ధాంతం పేజీన్నరలో అయిపోతుంది. నెలలు పట్టేది బంగారం ముద్దకట్టకుండా, మెంబ్రేన్ చెమ్మెక్కకుండా కాపాడుకోవడానికే. బంగారానికి ఉప్పు పడదు, మెంబ్రేన్‌కి తేమ పడదు. పడమటన కనిగిరి, పొదిలి వైపు బోర్లలో లవణాలకు కొదవలేదు. తూర్పున కావలి నుంచి కృష్ణపట్నం దాకా సముద్రపు గాలి. అందుకే ఈ రెండింటి గురించే ఇక్కడ ఎక్కువగా ఉంటుంది.

ఇది కాలేజీ ల్యాబ్‌లో పరిశోధన కోసం చేసుకునే స్ట్రిప్. రోగనిర్ధారణ కిట్‌గా అమ్మాలన్నా, ఇతరులకు ఇవ్వాలన్నా 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ కింద లైసెన్స్ ఉండాలి. రోగుల సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) ముట్టుకునే ముందు సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో రాసిన సమ్మతి పత్రం చేతిలో ఉండాలి.

ముందు యాంటీబాడీలు

డబ్బంతా పోయేది ఇక్కడే, బంగారం దగ్గర కాదు. ఎన్‌ఎస్‌1 మీద వేర్వేరు చోట్ల అతుక్కునే రెండు మోనోక్లోనల్స్ (ఒకే కణవంశం నుంచి తీసిన, అన్నీ ఒకేలా ఉండే యాంటీబాడీలు) జంటగా కావాలి: ఒకటి బంగారానికి, రెండోది టెస్ట్ లైనుకి, అంటే ఎన్‌ఎస్‌1 ఉంటే ఎరుపెక్కే గీతకి. అమ్మేవాళ్ళను మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. ఈ జంట లాటరల్ ఫ్లోలో, అంటే ద్రవం పాకే ఇలాంటి స్ట్రిప్‌లో, పనిచేస్తుందా? ఎలైసాలో (ప్లేటు గుంటల్లో చేసే యాంటీబాడీ పరీక్షలో) పనిచేసిన జంట స్ట్రిప్‌లో చతికిలపడటం మామూలే, ఎందుకంటే ఎలైసాలో గంటసేపు దొరికే సమయం స్ట్రిప్ మీద కొన్ని సెకన్లే. డెంగీ వైరస్ నాలుగు సీరోటైపులనూ (రకాలనూ) పడుతుందా? స్టాకులో బీఎస్‌ఏ (ఆవు సీరం నుంచి తీసిన ఆల్బుమిన్ ప్రొటీన్), జెలటిన్, గ్లిజరాల్ కలిపారా? బీఎస్‌ఏ ఉన్న యాంటీబాడీని బంగారంలో పోస్తే, కణం మీద చోటంతా బీఎస్‌ఏ ఆక్రమించుకుని మీ యాంటీబాడీ బయటే మిగిలిపోతుంది. క్యారియర్ ప్రొటీన్ లేని రకమే తెప్పించండి. వచ్చాక 2 మిల్లీమోలార్ బోరేట్ బఫర్‌లోకి డయాలిసిస్ చేసి, 1 మి.గ్రా./మి.లీ.కి తెచ్చుకుని, 50 మైక్రోలీటర్ల చొప్పున పంచి ఫ్రీజర్‌లో పెట్టండి. కరిగించినదాన్ని మళ్ళీ గడ్డకట్టించొద్దు.

నీళ్ళు

18.2 మెగాఓమ్ నీళ్ళు (అయాన్లు దాదాపు పూర్తిగా తీసేసిన ల్యాబ్ నీళ్ళు) తప్పనిసరి. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళు పనికిరావు. టీడీఎస్ పెన్ను తక్కువ చూపించినా సరే, పనికిరావు. బంగారు కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉండటానికి కారణం వాటి మీదున్న సిట్రేట్ రుణావేశం. కాల్షియం, మెగ్నీషియం వంటి అయాన్లు ఆ ఆవేశాన్ని కప్పేస్తే కణాలు దగ్గరికొచ్చి అతుక్కుంటాయి, ఎరుపు కాస్తా వంగపండు రంగుకి దిగిపోతుంది. గ్లాసుసామాను బోరు నీళ్ళతో కడిగి ఆరబెడితే తెల్లటి చార మిగులుతుంది కదా, ఆ చార చాలు ఒక బ్యాచ్ చెడగొట్టడానికి. కుళాయి నీళ్ళతో కడిగినా ఆఖరి మూడు తడుపులు ఆ 18.2 మెగాఓమ్ నీళ్ళతోనే జరగాలి.

బంగారం వండే ఫ్లాస్కు, స్టిరర్ బిళ్ళ మాత్రం ఆక్వా రీజియాతో శుభ్రం చేయాలి: మూడు పాళ్ళు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నైట్రిక్ ఆమ్లం. ఫ్యూమ్ హుడ్‌లో, గ్లవ్స్, కళ్ళద్దాలతో, వాడే ముందే కలపాలి. మూతపెట్టి దాచకూడదు, వాయువు నిండి సీసా పగులుతుంది. అసిటోన్, ఆల్కహాల్ దాని దరిదాపుల్లోకి రాకూడదు. పాత బ్యాచ్ తాలూకు బంగారు మరక గాజుకి అంటుకుని ఉంటే కొత్త కణాలు దాని మీదే పెరుగుతాయి, అప్పుడు సైజు మీ చేతిలో ఉండదు.

బంగారం వండటం

గోల్డ్ క్లోరైడ్ పొడిని తూచే ప్రయత్నం చేయకండి. మూత తీసిన నిమిషానికే నెల్లూరు గాలిలో నీళ్ళు పీల్చుకుని జిగురవుతుంది, తూకం తప్పుతుంది, స్టీలు చెంచాను కూడా తినేస్తుంది. ఒక గ్రాము సీసా తెప్పించి, సీసా మొత్తాన్ని 100 మి.లీ. నీళ్ళలో కరిగించండి. అది 1% స్టాక్. గోధుమరంగు సీసాలో, ఫ్రిజ్‌లో నెలల తరబడి ఉంటుంది. ట్రైసోడియం సిట్రేట్ 1% ద్రావణం మాత్రం ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవుంటే బూజు పడుతుంది.

250 మి.లీ. ఫ్లాస్కులో 99 మి.లీ. నీళ్ళు, 1 మి.లీ. గోల్డ్ స్టాక్ పోసి, కండెన్సర్ తగిలించి, స్టిరర్ మీద మరిగించండి. అంచుల్లో బుడగలు రావడం మరుగు కాదు. కండెన్సర్ నుంచి చుక్కలు వెనక్కి పడుతూ ఉండాలి. అప్పుడు సిట్రేట్‌ని ఒకేసారి, ఒక్క విసురుతో పోయాలి. చుక్కచుక్కగా పోస్తే కొన్ని కణాలు ముందు పుట్టి, కొన్ని ఆలస్యంగా పుట్టి చిన్నా పెద్దా కలిసిపోతాయి. ఎంత పోస్తే ఎంత సైజన్నది 1973లో ఫ్రెన్స్ ప్రచురించిన పద్ధతి నుంచే ఇప్పటికీ అందరూ తీసుకుంటున్నారు: 100 మి.లీ.కి 2 మి.లీ. సిట్రేట్ పోస్తే 16 నానోమీటర్ల దగ్గర, 1.5 మి.లీ.కి 25, 1 మి.లీ.కి 40 దగ్గర, 0.6 మి.లీ.కి 70 దగ్గర. సిట్రేట్ తగ్గేకొద్దీ కణం పెద్దదవుతుంది. స్ట్రిప్‌కి 40 మంచిది. 16 గీత పాలిపోయి కనిపిస్తుంది, 70 నిలకడగా ఉండదు.

లేత పసుపు మొదట రంగు కోల్పోతుంది, ఆపైన బూడిద నలుపు, తర్వాత ఊదా, చివరికి ముదురు ఎరుపు. ఎరుపు తేలాక ఇంకో 15 నిమిషాలు మరగనిచ్చి, వేడి ఆపి, కలుపుతూనే చల్లార్చండి. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో శిఖరం 525 నుంచి 530 నానోమీటర్ల మధ్య, ఓడీ (ద్రావణం వెలుతురుని ఎంత ఆపుతుందన్న కొలత) 1 దగ్గర ఉండాలి. శిఖరం వెడల్పుగా పరుచుకుని 600 దాటాక కూడా తోక మిగిలితే ఆ బ్యాచ్‌ని పారబోసేయండి. సగం ముద్దకట్టిన బంగారాన్ని బాగుచేసే దారి లేదు.

వండుతున్నప్పుడు కరెంటు పోతే? సిట్రేట్ పోయకముందైతే కరెంటొచ్చాక మళ్ళీ మరిగించుకోవచ్చు. పోసిన మొదటి అయిదు నిమిషాల్లో పోతే ఆ ఫ్లాస్కు లెక్కలోంచి తీసేయాల్సిందే. స్టిరర్‌ని యూపీఎస్ ఉన్న ప్లగ్గుకి పెట్టడం నయం. హాట్‌ప్లేట్ భారం యూపీఎస్ మొయ్యలేకపోయినా, కలుపుడు ఆగదు, వేడి కూడా కాసేపు నిలుస్తుంది.

యాంటీబాడీ అంటించడం

ఇక్కడ పీహెచ్ కీలకం. యాంటీబాడీ ఐసోఎలక్ట్రిక్ పాయింటుకి (దాని మీద నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్‌కి) అర పాయింటు పైన ఉండాలి. మోనోక్లోనల్స్‌కి మామూలుగా 8 నుంచి 9 మధ్య కుదురుతుంది. 0.1 మోలార్ పొటాషియం కార్బనేట్‌ని కొద్దికొద్దిగా వేసి పెంచండి. పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్‌ని నేరుగా బంగారంలో ముంచొద్దు: కణాలు దాని రంధ్రాల్లో ఇరుక్కుంటాయి, ఎలక్ట్రోడ్‌లోంచి కారే ఉప్పు బంగారాన్ని ముద్దచేస్తుంది, రెండూ పోతాయి. చుక్క తీసి పీహెచ్ పేపరు మీద చూసుకోండి.

ఎంత యాంటీబాడీ పట్టాలో ఉప్పు పరీక్ష చెబుతుంది. ఏడు చిన్న ట్యూబుల్లో 1 మి.లీ. చొప్పున బంగారం తీసుకుని, 0, 2, 4, 6, 8, 10, 15 మైక్రోగ్రాముల యాంటీబాడీ వేయండి. 10 నిమిషాలు ఆగి, ఒక్కోదానికీ 100 మైక్రోలీటర్ల 10% ఉప్పు నీళ్ళు పోయండి. ఇంకో 10 నిమిషాలకి వరుసగా స్టాండులో పెట్టి, వెనకాల తెల్లకాగితం ఉంచి చూడండి. సున్నా ట్యూబు నీలంగా మారి తీరాలి. అది ఎర్రగానే ఉందంటే ఉప్పు సరిగా కలవలేదు, లేదా బంగారంలో ఇంకేదో ప్రొటీన్ ముందే చేరింది. ఎక్కడ మొదటిసారి ఎరుపు నిలిచిందో ఆ మోతాదు మీద 20% కలిపి అదే వాడండి. 40 నానోమీటర్ల బంగారానికి ఇది సాధారణంగా మి.లీ.కి 5 నుంచి 10 మైక్రోగ్రాముల మధ్య తేలుతుంది. ఈ పరీక్షని పీహెచ్ 7.5, 8, 8.5, 9 దగ్గర నాలుగుసార్లు చేయడం దండగ కాదు. ఎక్కువ యాంటీబాడీ పోస్తే ఎక్కువ బలమనుకుంటారు గానీ, గట్టిగా పట్టనిది తర్వాత ఊడిపోయి, బంగారం లేకుండానే ఎన్‌ఎస్‌1ని పట్టుకుని టెస్ట్ లైనుని ఖాళీగా మిగులుస్తుంది.

మొదటిసారి 10 మి.లీ.తోనే చేయండి. 100 మి.లీ. బ్యాచ్ మొత్తానికి 800 మైక్రోగ్రాముల యాంటీబాడీ ఖర్చవుతుంది, దాని బిల్లు చూశాక ఎవరైనా చిన్న బ్యాచ్‌కే మొగ్గుతారు. యాంటీబాడీని కలుపుతూ వేసి, 30 నిమిషాలు గది వేడిలో ఉంచి, 10% బీఎస్‌ఏని చివరికి 1% అయ్యేలా పోసి మరో 15 నిమిషాలు ఆగండి. తర్వాత 4 డిగ్రీల దగ్గర 7,000 జీతో 25 నిమిషాలు సెంట్రిఫ్యూజ్. జీ అంటే ఆర్పీఎమ్ కాదు, భూమ్యాకర్షణకి ఎన్ని రెట్ల బలమన్నది; 8.4 సెం.మీ. రోటరుకి ఇది 8,600 ఆర్పీఎమ్ దగ్గర పడుతుంది, మీ రోటరుకి వేరే ఉంటుంది. అడుగున మెత్తగా, ట్యూబు వంచితే జారే ఎర్రటి మడ్డి కనపడాలి. నల్లగా గోడకి అతుక్కుపోతే యాంటీబాడీ చాలలేదన్నమాట, లేదా వేగం ఎక్కువైంది.

పైనీళ్ళు తీసేసి, 2 మిల్లీమోలార్ బోరేట్, 1% బీఎస్‌ఏ, 10% చక్కెర, 0.05% సోడియం అజైడ్ ఉన్న బఫర్‌లో ఓడీ 10కి తెచ్చుకోండి. చక్కెర అంటే ల్యాబ్ సుక్రోజ్. యాంటీబాడీ ఎండినప్పుడు దాని ఆకారం చెడకుండా, సీరం తగలగానే బంగారం ఇట్టే కదిలిపోయేలా చేసేది అదే. అజైడ్ ఉన్నది ఏదైనా లోహపు పైపులున్న సింకులో పోయకండి, రాగి, సీసంతో కలిస్తే పేలే స్వభావమున్న పదార్థాలు తయారవుతాయి.

మెంబ్రేన్, తేమ

నైట్రోసెల్యులోజ్‌ని 4 సెం.మీ. నీళ్ళు పాకడానికి పట్టే సెకన్ల లెక్కన అమ్ముతారు. 180 సెకన్ల రకంతో మొదలుపెట్టండి. 90 సెకన్లది వేగంగా పారుతుంది గానీ సున్నితత్వం తగ్గుతుంది. 240ది గీతను బాగా చూపించినా సీరం చిక్కగా ఉంటే మధ్యలో ఆగుతుంది.

రెండో యాంటీబాడీని 10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో 1 మి.గ్రా./మి.లీ., కంట్రోల్ లైనుకి (స్ట్రిప్ పనిచేస్తోందని చూపే గీతకి) యాంటీ-మౌస్, అంటే ఎలుక యాంటీబాడీలని పట్టే, మేక యాంటీబాడీ 0.5 మి.గ్రా./మి.లీ. డిస్పెన్సర్ ఉంటే సెం.మీ.కి 1 మైక్రోలీటర్, గీతల మధ్య 5 మి.మీ. ఎడం. డిస్పెన్సర్ లేని ల్యాబుల్లో చేత్తో గీత గీయాలని చూడొద్దు. పిపెట్ మొన మెంబ్రేన్‌ని గీరేస్తుంది, బంగారం ఆ గీరులోనే ఆగి దొంగ గీత చూపిస్తుంది. 0.5 మైక్రోలీటరు చుక్కలు రెండు పెట్టండి, మొన తగలకుండా చుక్క మాత్రమే తాకేలా. పరిశోధనకి చుక్క చాలు.

గది తేమ 40 నుంచి 60% మధ్య ఉన్నప్పుడే ఈ పని. అంతకన్నా ఎండితే మెంబ్రేన్‌కి స్టాటిక్ పట్టి చుక్క పక్కకి దూకుతుంది. ఎక్కువ తేమైతే చుక్క పరుచుకుని గీత మసకేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుఫాన్ల కాలంలో, నెల్లూరులో కిటికీ తెరిచి ఈ పని కుదరదు. ఏసీ వేసి, తేమ మీటరు బల్ల మీదే పెట్టి చూసుకోండి. ఇంకో చిక్కు: ఫ్రిజ్‌లోంచి తీసిన మెంబ్రేన్ పౌచ్‌ని వెంటనే చించితే గాలిలోని చెమ్మ దాని మీద మంచులా దిగుతుంది. పౌచ్ గది వేడికి వచ్చేదాకా కనీసం అరగంట ముట్టుకోకండి.

37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, రాత్రంతా డెసికేటర్‌లో (తేమ పీల్చే జెల్ ఉన్న మూత పాత్రలో) ఉంచండి. నీలం సిలికా జెల్ గులాబీ అయిందంటే అది ఇక తేమ పీల్చదు, ఒవెన్‌లో ఎండబెట్టి మళ్ళీ నీలం చేసుకోవాలి. ఎంతోమంది డెసికేటర్లలో గులాబీ జెల్ నెలల తరబడి అలాగే కూర్చుని ఉంటుంది.

కూర్పు

60 మి.మీ. జిగురు కార్డు మీద మధ్యగా 25 మి.మీ. మెంబ్రేన్, పైన 18 మి.మీ. పీల్చే ప్యాడ్, కింద 8 మి.మీ. గ్లాస్ ఫైబర్ కాంజుగేట్ ప్యాడ్ (యాంటీబాడీ అంటించిన బంగారం ఉండేది), దాని కింద 15 మి.మీ. శాంపిల్ ప్యాడ్. ప్రతి అతుకు దగ్గరా 2 మి.మీ. ఒకదాని మీదొకటి ఎక్కాలి. అతుకు తక్కువైతే సీరం అక్కడే నిలిచిపోతుంది. స్ట్రిప్ ఫెయిలైందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. 4 మి.మీ. వెడల్పున కోసి, కాంజుగేట్ ప్యాడ్‌కి స్ట్రిప్‌కి 5 మైక్రోలీటర్ల లెక్కన బంగారం పోసి, కార్డుకి అతికించే ముందే 37 డిగ్రీల్లో ఆరబెట్టాలి. శాంపిల్ ప్యాడ్‌ని 1% బీఎస్‌ఏ, 0.5% ట్వీన్-20 (సబ్బులాంటి డిటర్జెంట్) ఉన్న బఫర్‌లో ముంచి ఆరబెట్టుకోండి.

కార్డు అతికించకముందే తడి పరీక్ష ఒకటి చేసి చూస్తే బోలెడు సరుకు మిగులుతుంది. ప్లేటు గుంటలో 5 మైక్రోలీటర్ల బంగారం, 50 మైక్రోలీటర్ల నెగటివ్ సీరం, 50 బఫర్ పోసి, పీల్చే ప్యాడ్ ఉన్న మెంబ్రేన్ ముక్కని నిలబెట్టండి. నెగటివ్‌లోనే టెస్ట్ చుక్క ఎర్రబడితే తప్పు యాంటీబాడీలదో, ట్వీన్ తక్కువైనదో. బఫర్‌లో మాత్రమే బాగా వచ్చి సీరంలో చెడేది ఎందుకూ కొరగాదు, అందుకే మొదటి రోజు నుంచీ సీరంతోనే చూడాలి.

సీరం మీద

50 మైక్రోలీటర్ల సీరం, వెంటనే 50 మైక్రోలీటర్ల బఫర్. 15 నిమిషాలకి మొదటి చూపు, 20కి ఆఖరిది. ఆ తర్వాత తేలే గీతను లెక్కలోకి తీసుకోకూడదు, ప్యాడ్ ఎండుతూ బంగారాన్ని వెనక్కి లాగినప్పుడు అలాంటివి వస్తాయి. హీమోలైజ్ అయిన (ఎర్ర రక్తకణాలు పగిలి ఎర్రబడిన) సీరం వద్దు; మెంబ్రేన్ అంతా ఎర్రబారితే ఎర్ర గీతని ఎక్కడ వెతుకుతారు? దూరపు పీహెచ్‌సీ నుంచి బస్సులో వచ్చిన శాంపిళ్ళలో ఇది తరచుగా కనిపిస్తుంది. సీరం అక్కడే వేరుచేసి, ఐస్ ప్యాక్ పెట్టెలో పంపమని టెక్నీషియన్‌గారికి ముందే చెప్పిపెట్టండి.

ఎన్‌ఎస్‌1 కొందరిలో మి.లీ.కి నానోగ్రాముల్లో, కొందరిలో మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మరీ ఎక్కువున్నప్పుడు బంగారం మీదా, గీత మీదా విడివిడిగా నిండిపోయి మధ్యలో వంతెన కట్టదు, గీత పలచబడుతుంది. జ్వరం రెండో మూడో రోజు, లక్షణాలన్నీ ఉన్నాయి, గీత మాత్రం అనుమానంగా ఉంది అంటే, అదే సీరాన్ని పదింతలు పలచన చేసి ఇంకో స్ట్రిప్ మీద వేయండి. గీత చిక్కబడితే సంగతి తేలిపోయినట్టే.

దీనికి తిరకాసు ఇంకోటి. ఇదివరకు డెంగీ వచ్చి పోయినవాళ్ళకి రెండోసారి వస్తే, పాత యాంటీబాడీలు వేగంగా పెరిగి ఎన్‌ఎస్‌1ని చుట్టేస్తాయి. అప్పుడు స్ట్రిప్ నెగటివ్ చూపించడానికి అవకాశం ఎక్కువ. కాబట్టి శాంపిళ్ళ జాబితాలో జ్వరం ఎన్నో రోజన్నది, రెండోసారి డెంగీయా అన్నది తప్పక రాయండి. ఈ రెండు గళ్ళూ లేని లెక్కతో స్ట్రిప్ బాగుందో లేదో చెప్పలేం.

పోల్చాల్సింది ఎన్‌ఎస్‌1 ఎలైసాతో. మన జాతీయ కార్యక్రమం సిఫారసు చేసేది మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్‌1 ఎలైసా, ఆ తర్వాత ఐజీఎం (రోగి శరీరం తొలుత తయారుచేసే యాంటీబాడీ) ఎలైసా. ర్యాపిడ్ స్ట్రిప్ ఫలితాన్ని అది నిర్ధారణగా లెక్కించదు. సున్నితత్వం (నిజంగా డెంగీ ఉన్నవాళ్ళలో స్ట్రిప్ పట్టే శాతం) 90% ఉంటుందనుకుని, అటూ ఇటూ 10% తేడాతో చెప్పాలంటే 35 పాజిటివ్‌లు చాలు. 5% తేడాతో చెప్పాలంటే 139 కావాలి. పది పాజిటివ్‌లతో "నూటికి నూరు" అని రాసేవాళ్ళని చూస్తూనే ఉంటాం. నెగటివ్‌ల్లో టైఫాయిడ్, మలేరియా, చికున్‌గున్యా, లెప్టోస్పైరా, స్క్రబ్ టైఫస్ రోగుల సీరం ఉండాలి, రుమటాయిడ్ ఫ్యాక్టర్ (ఇతర యాంటీబాడీలకే అతుక్కునే యాంటీబాడీ) ఉన్నవి కూడా. రుమటాయిడ్ ఫ్యాక్టర్ రెండు యాంటీబాడీలనూ కలిపి కట్టేసి దొంగ పాజిటివ్ ఇస్తుంది. శాంపిల్ ప్యాడ్ బఫర్‌లో మామూలు ఎలుక ఐజీజీ (ఎలుక యాంటీబాడీ) కొంచెం కలిపితే చాలామటుకు తగ్గుతుంది.

చదివేవాళ్ళు ముగ్గురుండాలి, ఎలైసా ఫలితం ముగ్గురికీ తెలియకూడదు. ఒకరికి కనిపించే నీడ గీత ఇంకొకరికి కనపడదు. ఎన్నిసార్లు విభేదించారో ఆ లెక్క కూడా రాయండి. ఫోన్‌తో ఫొటో తీస్తే వెలుతురు మారకుండా చిన్న అట్టపెట్టె లోపల తీసి, ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో గీత చిక్కదనం కొలవొచ్చు.

జబ్బు ఎంత వ్యాపించి ఉందన్నదాన్ని బట్టి అదే స్ట్రిప్ విలువ మారుతుంది. 90% సున్నితత్వం, 95% నిర్దిష్టత (డెంగీ లేనివాళ్ళలో నెగటివ్ చూపే శాతం) ఉన్న స్ట్రిప్‌ని వెయ్యి మంది జ్వరపీడితుల మీద వాడామనుకోండి. వానలు తగ్గిన నెలల్లో, వాళ్ళలో 400 మందికి డెంగీ ఉంటే 390 పాజిటివ్‌లు వస్తాయి, 360 నిజమైనవి. వేసవిలో 100 మందికే ఉంటే 135 పాజిటివ్‌లు, అందులో 45 అబద్ధం. అంటే ప్రతి మూడింటిలో ఒకటి.

నిల్వ

బజారు కిట్ల మీద 30 డిగ్రీలు దాటొద్దని రాసి ఉంటుంది. మే నెలలో నెల్లూరులో నీడపట్టునే 40 దాటుతుంది. మీ స్ట్రిప్పులు అల్యూమినియం పౌచ్‌లో, ఒక్కోదానికీ 1 గ్రాము సిలికా జెల్‌తో సీల్ చేసి మూడు వాటాలు చేయండి: ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి 45 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో, ఒకటి ఏసీ లేని గది అల్మరాలో. 1, 2, 4, 8 వారాలకి ఒకే బలహీన పాజిటివ్ సీరంతో చూడండి. బలమైన పాజిటివ్‌తో చూస్తే చచ్చిపోతున్న స్ట్రిప్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. ఇంక్యుబేటర్‌వి బాగుండి అల్మరావి పోతే వేడిది కాదు తప్పు, పౌచ్ సీల్‌ది: నీళ్ళున్న గిన్నెలో పౌచ్‌ని ముంచి నొక్కితే బుడగ ఎక్కడ వస్తోందో తెలుస్తుంది. బంగారం ప్యాడ్ మీదే ఉండిపోయి కదలకపోతే తేమ చేరింది. బంగారం కదిలినా కంట్రోల్ లైను కూడా రాకపోతే యాంటీబాడీలు చెడ్డాయి. కంట్రోల్ వచ్చి టెస్ట్ మాత్రమే పాలిపోతే టెస్ట్ లైను యాంటీబాడీని అనుమానించి, కొత్త మెంబ్రేన్, పాత బంగారంతో ఒకసారి, పాత మెంబ్రేన్, కొత్త బంగారంతో ఇంకోసారి వేసి చూడండి.